ఆరేళ్ళుగా వాడుతున్న బీపీ మిషన్: ఆస్పత్రి అంకె ఒకటి, ఇంటి అంకె ఇంకొకటి

ఈ మిషన్ కొన్నది మా ఆవిడ కోసం. పట్టుబడింది నేను.

మిర్యాలగూడలో రైస్ మిల్లు గుమాస్తాని. పొద్దున లేస్తే కాటా అంకెలతోనే నా బతుకు. లోడు లారీ ఒక తూకం, ఖాళీ లారీ ఒక తూకం, మధ్యలో ధాన్యం తేమ ఎంతో చూడాలి. మిషన్ చూపించిన అంకెను వెంటనే నమ్మే అలవాటు నాకు లేదు. అందుకే ఈ బీపీ మిషన్‌ని కూడా మొదట్లో నమ్మలేదు.

మా ఆవిడకి డాక్టరు గదిలో అడుగు పెడితే చాలు, అరచేతులు చెమటలు పడతాయి. అక్కడ 160కి తగ్గిన రోజు లేదు. ఇంట్లో ఓసారి చూసుకొమ్మని డాక్టరు చెబితే 2019 సంక్రాంతి వెళ్ళాక, రెండు వేలకు కొంచెం తక్కువ పెట్టి ఈ చేతి పట్టీ మిషన్ తెచ్చాను. అంతకుముందు మణికట్టుకు కట్టుకునేది ఒకటి కొన్నాం. చెయ్యి కాస్త ఎత్తితే ఒక లెక్క, దించితే ఒక లెక్క. అది ఇప్పుడు పిల్లల ఆటసామానుల్లో ఉంది.

పనిచేస్తోందో లేదో చూద్దామని మొదటి పట్టీ నేనే కట్టుకున్నా. 152/94. నాకేమో ఏటా మిల్లు తరఫున చూపించుకున్నప్పుడల్లా 126, 128. "మిషన్ పాడైంది, వాపస్ ఇచ్చేద్దాం" అన్నాను. మా ఆవిడ కట్టుకుంటే 124/78. "నాకు మంచిగ చూపిస్తున్న మిషన్ మీకు మాత్రం ఎట్ల పాడైతదండీ?" అంది.

జవాబు లేక డబ్బా మీది అక్షరాలు చదవడం మొదలుపెట్టా. పట్టీ 22 నుంచి 32 సెంటీమీటర్ల చేతికి అని ఉంది. దర్జీ టేపుతో కొలిస్తే నా దండ చుట్టుకొలత 34. చెయ్యి లావు, పట్టీ చిన్నది అయితే బీపీ ఎక్కువ చూపిస్తుందట. దొరికింది దొంగ అనుకుని పెద్ద పట్టీ తెప్పించా. ఆరేడు పాయింట్లు తగ్గిన మాట నిజమే, 128 మాత్రం కాలేదు. ఈ మిషన్ కొనేవాళ్ళకి నా మొదటి మాట ఇదే: ముందు టేపు పట్టండి, తర్వాత పైసలు ఇవ్వండి. డబ్బాతో వచ్చే పట్టీ అందరికీ సరిపోదు, షాపు వాడు ఆ మాట చెప్పడు.

ఆ తర్వాత వారం రోజులు పద్ధతిగా చూశాను. పొద్దున మూత్రానికి వెళ్ళొచ్చి, టీ తాగకముందు, కుర్చీలో వీపు ఆనించి, కాళ్ళు నేల మీద పెట్టి, అయిదు నిమిషాలు నోరు మూసుకుని కూర్చోవడం. చెయ్యి బల్ల మీద, గుండె ఎత్తులో. నిమిషం తేడాతో రెండు సార్లు. రాత్రి మళ్ళీ రెండు సార్లు. మొదటి రోజువి కొట్టేసి మిగిలిన ఆరు రోజుల 24 అంకెలకు సగటు తీయాలి. ధాన్యం తేమ చూసేటప్పుడు మేమూ అంతే, ఒక్క బస్తాలో గింజలు చూసి లారీ ధర కట్టం. నా సగటు 141/87 వచ్చింది. డాక్టరు దగ్గర బీపీ దాటకూడని గీత 140/90 అయితే ఇంట్లో సగటుకు గీత 135/85. ఇంటి గీత కింద ఉంటుందని అప్పుడే తెలిసింది.

చిట్టా పుస్తకంలో రాసుకున్న కాగితాలు పట్టుకుపోతే మా డాక్టరు నవ్వలేదు. "సిగరెట్ ఎక్కడ తాగుతావయ్యా?" అని అడిగాడు. మిల్లులో. "ఇక్కడికి వచ్చేముందు?" ఎట్లా తాగుతాను, వాసన వస్తుంది కదా. "అదీ సంగతి. నా ముందుకొచ్చేసరికి గంటసేపు బెంచీ మీద ఖాళీగా కూర్చుంటావు, పొగ లేదు, లారీ లేదు, సేటు లేడు. నేను చూసేది ఆ మనిషి బీపీ." దీన్ని దాగిన బీపీ అంటారట. మా ఆవిడది దానికి తలకిందులు, తెల్లకోటు బీపీ. ఒకే ఇంట్లో రెండూ.

డాక్టరు హైదరాబాద్‌కి 24 గంటల బీపీకి పంపించాడు. నడుముకు చిన్న డబ్బా, చేతికి పట్టీ, పగలు 20 నిమిషాలకోసారి, రాత్రి అరగంటకోసారి దానంతట అదే గాలి కొట్టుకుంటుంది. రోజూ చేసే పని మానొద్దన్నారని ఆ రాత్రే బస్సెక్కి వచ్చేసి, పొద్దున కాటా దగ్గరికి పోయా. యాసంగి కోతల రోజులు, గేటు బయటిదాకా లారీల వరస. గుర్రుమని పట్టీ బిగుసుకున్నప్పుడల్లా చెయ్యి కదపకూడదు. చీటీ రాస్తూ రాస్తూ బొమ్మలా నిలబడిపోతుంటే ఒక డ్రైవర్ "ఏమైంది సారూ, కరెంటు పోయిందా?" అన్నాడు. నిద్ర మాత్రం చెడింది, అది ఒప్పుకోవాలి.

రిపోర్టు పగలు 139/86, రాత్రి 131/79. పగటికి గీత 135/85, రాత్రికి 120/70. నిద్రలో బీపీ పగటి కంటే 10 నుంచి 20 శాతం తగ్గాలట. నాది 139లోంచి 131 తీస్తే ఎనిమిది, అంటే ఆరు శాతం కూడా కాదు. మా డాక్టరు పగటి పేజీ తిప్పేసి రాత్రి పేజీ మీదే వేలు పెట్టాడు. "గురక ఉందా?" అని కూడా అడిగాడు. నేను లేదన్నాను. మా ఆవిడ పక్కనే ఉంది, ఇంక చెప్పేదేముంది. ఊపిరి ఆగి ఆగి వచ్చే గురక ఉన్నవాళ్ళకి రాత్రి బీపీ దిగకపోవడం మామూలేనట.

అంకెల గోల ఇంతవరకూ కాగితం మీదే ఉంది. అది ఒంట్లోకి దిగిందా లేదా అని చూడటానికి టూడీ ఎకో అనే గుండె స్కానింగ్, మూత్ర పరీక్ష రాశారు. ఎకోలో గుండె ఎడమ కింది గది గోడ 12 మిల్లీమీటర్లు. మగవాళ్ళకి 10 దాకా మామూలు. మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీను, క్రియాటినిన్ అనే వ్యర్థం, ఈ రెంటి నిష్పత్తి 42, అది 30 లోపు ఉండాలి. ఈసీజీ మాత్రం శుభ్రంగా ఉంది. మందం బాగా ముదిరితే గానీ ఈసీజీకి చాలాసార్లు అందదట. అప్పటికి నాకు తలనొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు, ఒక్క టాబ్లెట్ మింగలేదు.

డాక్టరు చెప్పింది నా భాషలో ఇది. గుండె ఒక హమాలీ. రోజూ బరువు పెంచుతూ పోతే వాడి కండ పెరుగుతుంది, చూడ్డానికి బాగానే ఉంటుంది. గుండె కండ అట్లా పెరిగితే గోడ బిరుసెక్కి, రక్తం నింపుకోవడానికి సాగదు. కిడ్నీలో సన్నని జల్లెడలు ఉంటాయి, ఒత్తిడికి వాటి కళ్ళు వదులై అల్బుమిన్ జారుతుంది. ఇవి రెండూ గుండెపోటు రావడానికి ఏళ్ళ ముందే మొదలవుతాయి. ఏడాదికోసారి పది నిమిషాలు చూసే బీపీతో కాదు, మిగిలిన గంటలన్నిటిలో ఉన్న బీపీతో లెక్క. అందుకే ఎకోతో ఆస్పత్రి అంకె కంటే ఇంటి సగటు, 24 గంటల సగటు బాగా కలుస్తాయి.

ఆయనే ఇంకో మాట చెప్పాడు. జపాన్‌లో ఒహసామా అని పొలాల మధ్య ఒక చిన్న ఊరు. 1980ల్లోనే అక్కడి వాళ్ళకి ఇంటింటికీ బీపీ మిషన్లు ఇచ్చి ఏళ్ళ తరబడి లెక్క చూశారు. ఎవరికి ముప్పో ఆస్పత్రి అంకె కంటే ఇంటి అంకే ముందు చెప్పింది. ఆ తర్వాత 2023లో స్పెయిన్‌లో 59 వేల మందికి పైగా 24 గంటల బీపీ లెక్కలు తీసి లాన్సెట్ పత్రికలో వేశారు, అందులోనూ రాత్రి పై బీపీకే పెద్దపీట. మా డాక్టరు పేజీ తిప్పింది ఊరికే కాదు.

మా అమ్మ సంగతి వేరు. ఆమెకి 78 ఏళ్ళు, 168/64 వస్తుంది. "కింది బీపీ మంచిగున్నది కదా, ఏం కాదు" అని చుట్టాలు. నేనూ అట్లాగే అనుకున్నా. కింది అంకె తక్కువుండటం కాదు, రెంటి మధ్య తేడా చూడమన్నారు. ఆమెది 104. పెద్ద రక్తనాళం సాగుడు పోయి ఇనుప గొట్టంలా అయితే పైది ఎగురుతుంది, కిందిది పడిపోతుంది. అంటే ఆ తేడానే నష్టం జరిగిందని చెప్పే గుర్తు. మిషన్ ఆ తేడాను లెక్కకట్టి చూపించదు, మనమే తీసివేత చేసుకోవాలి.

ఇక మిషన్‌లో నాకు నచ్చనివి. తెర వెనక లైటు లేదు, తెల్లారుజామున చూడాలంటే సెల్లు వెలుగు పట్టాలి. బ్యాటరీలు నీరసిస్తే తప్పుడు అంకె ఇవ్వకుండా తప్పు గుర్తు చూపిస్తుంది, అది మంచిదే, కానీ అది బ్యాటరీ వల్లనని తెలియడానికి నాకు రెండు రోజులు పట్టింది. నాలుగో ఏడు పట్టీ గొట్టం మొదట్లో చీలి సన్నగా గాలి పోయేది. గాలి ఎంత కొట్టినా సరిపోక మళ్ళీ మళ్ళీ కొడుతుంటే చెయ్యి కమిలింది. కొత్త పట్టీ వెయ్యి రూపాయల దగ్గర పడింది, మిషన్ ధరలో సగం! మాట్లాడుతూ చూస్తే పది పాయింట్లు పెరగడం, చెయ్యి ఒళ్ళో పెట్టుకుంటే పెరగడం, ఇవి మిషన్ తప్పులు కావు. చెయ్యి గుండె కంటే పది సెంటీమీటర్లు కిందికి ఉంటే దాదాపు ఎనిమిది పాయింట్లు ఎక్కువొస్తాయి, మేం బల్ల మీద దిండు వేసుకుని చూస్తున్నాం. ఏడాదికోసారి డాక్టరు దగ్గరికి తీసుకుపోయి ఆయన మిషన్‌తో సరిచూస్తా. ఇప్పటికి తేడా మూడు దాటలేదు. కాటాకి ముద్ర వేయించినట్టే.

పొద్దున టాబ్లెట్ వేసుకోకముందు చూసే అంకెనే నేను ఎక్కువ పట్టించుకుంటా. నిన్నటి మందు తెల్లారేదాకా ఆగిందా లేదా అన్నది అక్కడే తేలుతుంది. మొదటి మందు ఆగలేదు. మధ్యాహ్నం 122, తెల్లారి 144. ఇంట్లో ఈ మిషన్ లేకపోతే నేను మధ్యాహ్నం డాక్టరు దగ్గరికి పోయి "బాగుంది" అనిపించుకుని వచ్చేవాణ్ణి. మందు మార్చారు, సిగరెట్ మానేశాను, రెండో పూట పచ్చడి మానేశాను, మొదటి పూట మానలేదు.

2022లో మళ్ళీ చేయించిన ఎకోలో గోడ 11. మూత్రం లెక్క 18. ఇంటి సగటు ఇప్పుడు 126/79.

మా ఆవిడకి టాబ్లెట్ లేదు. తెల్లకోటు బీపీని పూర్తిగా కొట్టిపారేయొద్దు, వీళ్ళలో కొందరికి తర్వాత నిజం బీపీ వస్తుంది అని ఏటా వారం రోజులు చూడమన్నారు. మిషన్‌లో ఇద్దరికి వేరే వేరే మీటలు ఉన్నాయి. ఆమె ఎప్పుడూ నాదే నొక్కుతుంది. అందుకే జ్ఞాపకంలో దాచే అంకెల్ని నేను లెక్కలోకి తీసుకోను, చిట్టా పుస్తకమే నాకు లెక్క. ఎడమ పేజీ నాది, కుడి పేజీ ఆమెది.