టెక్సాసా, పెన్సిల్వేనియానా? అడవి టర్కీ వేటకు ఏది మేలు

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం, పిట్స్‌బర్గ్ దగ్గర ఆరేళ్లు ఉన్నాను. అక్కడ నాకు దక్కింది ఒక్కటంటే ఒక్క టర్కీ కోడిపుంజు. తర్వాత ఉద్యోగం డాలస్‌కి మారింది. టెక్సాస్‌లో మొదటి వసంతంలోనే రెండు కొట్టాను. ఈ లెక్క చెప్పగానే "ఇంకేం, టెక్సాసే మేలు" అంటారు స్నేహితులు. కొత్తగా వేట మొదలుపెట్టేవాళ్లకు నేను మాత్రం పెన్సిల్వేనియా పేరే చెబుతాను.

ముందు డబ్బు సంగతి. పెన్సిల్వేనియాలో స్థానికుడికి మామూలు వేట లైసెన్స్ 20.97 డాలర్లు. వసంతంలో ఒక పుంజు, ఆకురాలే కాలంలో ఒక టర్కీ, ఈ రెండు ట్యాగులూ (కొట్టిన పక్షికి కట్టే చీటీలు) అందులోనే వస్తాయి. వసంతంలో రెండో పుంజు కావాలంటే సీజన్ మొదలవకముందే విడిగా ఇంకో లైసెన్స్ కొనుక్కోవాలి. సీజన్ మొదలయ్యాక గుర్తొస్తే ఆ ఏడాదికి ఒకదానితో సరిపెట్టుకోవడమే. టెక్సాస్‌లో స్థానికుడికి 25 డాలర్లు, దాని మీద మరో 7 డాలర్లకు అప్‌లాండ్ గేమ్ బర్డ్ ఎండార్స్‌మెంట్, అంటే లైసెన్స్ మీద వేయించుకునే అదనపు అనుమతి. అసలు లైసెన్స్ ఉంది కదా అని ఈ ఏడు డాలర్ల సంగతి మర్చిపోతే టర్కీ వేటకు ఆ లైసెన్స్ చెల్లదు. అక్కడ ఏడాదికి మొత్తం నాలుగు పక్షులు కొట్టొచ్చు. స్థానికుడు అనిపించుకోవడానికి టెక్సాస్‌లో ఆరు నెలలకు పైగా ఉండి ఉండాలి. బయటి రాష్ట్రం నుంచి వచ్చేవాళ్లకు పెన్సిల్వేనియా 101.97 తీసుకుంటుంది, టెక్సాస్ వసంత టర్కీ లైసెన్స్‌కి 126, మళ్లీ ఆ ఏడూ. రేట్లు మారుతుంటాయి, కట్టేముందు ఒకసారి ఆ రాష్ట్ర శాఖ సైట్ చూసుకోండి.

లైసెన్స్ దగ్గర రెండు రాష్ట్రాలకీ పెద్ద తేడా లేదు. తేడా అంతా నేల దగ్గర.

టెక్సాస్‌లో సుమారు 95 శాతం భూమి ప్రైవేటువాళ్లది. జేబులో లైసెన్స్ పెట్టుకుని గంటలకొద్దీ కారు నడపండి, రోడ్డుకి రెండువైపులా కంచే. కంచె లేనిచోట చెట్టు మానుకి నిలువుగా ఊదారంగు గీత కనిపిస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నరకాల్సిన చెట్లకు గుర్తు పెట్టారేమో అనుకున్నాను. "లోపలికి రావద్దు" అని దాని అర్థం. బోర్డు పెట్టినదాంతో సమానం, గీత ఎంత పొడవుండాలో, నేల నుంచి ఎంత ఎత్తులో ఉండాలో కూడా చట్టంలో రాసి ఉంది. పెన్సిల్వేనియా కూడా ఈ పద్ధతి తెచ్చింది గానీ అక్కడ దానితో అంత ఇబ్బంది లేదు. స్టేట్ గేమ్ ల్యాండ్స్ పేరుతో 300 పైచిలుకు చోట్ల దాదాపు 15 లక్షల ఎకరాలు వేటగాళ్ల కోసమే ఉన్నాయి. లైసెన్స్ ఉంటే చాలు, కారు పక్కన పెట్టి నడుచుకుంటూ వెళ్లిపోవడమే.

టెక్సాస్‌లోనూ 48 డాలర్లకు ఏడాది పబ్లిక్ హంటింగ్ పర్మిట్ దొరుకుతుంది. తీసుకున్నాను. వారాంతం తెల్లవారుజామున నేను వెళ్లేసరికి గేటు దగ్గర అప్పటికే ఐదారు పికప్ ట్రక్కులు ఉండేవి. చివరికి నేనూ అందరిలాగే ఒక రాంచ్ (పెద్ద పశువుల క్షేత్రం) వాళ్లకు డబ్బు కట్టాను. ఎంతని అడగకండి, మా ఆవిడకు ఇప్పటికీ సగమే చెప్పాను. అంటే టెక్సాస్‌లో లైసెన్స్ ఖర్చు చిల్లర, అసలు ఖర్చు నిలబడే చోటుకి.

రూల్స్ దగ్గరకొస్తే ఇవి రెండూ వేర్వేరు ఆటలు. పెన్సిల్వేనియా వసంత సీజన్‌లో టర్కీని పిలిచి రప్పించుకోవాలి. నక్కి నక్కి దాని దగ్గరికి వెళ్లడం నేరం. గింజలు చల్లి ఎర పెట్టకూడదు. చల్లిన ఎర పూర్తిగా తీసేశాక కూడా ముప్ఫై రోజుల దాకా ఆ చోటు ఎర పెట్టిన చోటుగానే లెక్క. రైఫిల్ పనికిరాదు, షాట్‌గన్ లేదా విల్లు. సెల్‌ఫోన్‌లో కూత రికార్డు పెట్టి వినిపించడం కుదరదు, నోటితోనో, పలక మీద పుల్ల రుద్దో మనమే కూయాలి. రొమ్ము మీద జుత్తు వేలాడే పక్షినే కొట్టాలి. టెక్సాస్‌లో చాలా కౌంటీల్లో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) ఉండేది రియో గ్రాండే రకం టర్కీ. దానికి రైఫిల్ వాడొచ్చు, మొక్కజొన్న ఎర పెట్టొచ్చు. తూర్పు వైపు కొన్ని కౌంటీల్లో మళ్లీ తెచ్చి వదిలిన ఈస్టర్న్ రకం ఉంది, అక్కడ మాత్రం ఏడాదికి ఒక్క పుంజే, ఎర కుదరదు. కొట్టిన పక్షిని 24 గంటల్లో ఆన్‌లైన్‌లో రిపోర్ట్ చేయాలి. మీరు వెళ్లేది ఏ కౌంటీయో తెలియకుండా టెక్సాస్ రూల్స్ చదవడం వృథా.

నక్కి వెళ్లకూడదన్న రూల్ మొదట్లో నాకు అతిగా అనిపించింది. మా ఊళ్లో కౌజు పిట్టలకి దీమపు పిట్టను (ఎరగా ఉంచే పెంపుడు పిట్టను) పెట్టి పొదలో కూర్చునే పెద్దవాళ్లను చూసి పెరిగినవాణ్ణి. (1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అదీ నేరమేనని ఆ రోజుల్లో మాకెవరికీ పట్టలేదు.) కూర్చోవడం తెలుసు, అయినా కాలు నిలవదు. పెన్సిల్వేనియా పెద్దాయన ఒకరు విడమర్చి చెప్పారు: పొద చాటున టర్కీలా కూస్తున్నది ఇంకో వేటగాడు కావచ్చు, నువ్వు నక్కుతూ వెళ్లేది అతని మీదికి. ఎరుపు, తెలుపు, నీలం రంగులు వేసుకోవద్దనేది కూడా అందుకే. పుంజు తల ఆ మూడు రంగుల్లోనే ఉంటుంది. ఎర్ర కర్చీఫ్‌తో ముక్కు తుడుచుకున్నా ప్రమాదమే.

పెన్సిల్వేనియా సీజన్ మే 1కి దగ్గరలో ఉన్న శనివారం మొదలై నెలాఖరు దాకా. మొదటి సగంలో మధ్యాహ్నం పన్నెండుకి వేట బంద్. పెట్టలు గుడ్ల మీద ఉండే రోజులు కాబట్టి మధ్యాహ్నం నుంచి అడవిలో అలికిడి తగ్గాలని. ఆ రూల్ నన్ను ఒకసారి ఏడిపించింది. పొద్దున ఐదింటి నుంచి ఓక్ చెట్టుకి వీపు ఆనించి కూర్చున్నాను. పదిన్నరకి లోయలోంచి ఒక పుంజు జవాబిచ్చింది. నేను పలక మీద పుల్ల రుద్దడం, అది గుర్రుమని అరవడం, మళ్లీ మౌనం. పదకొండూ యాభైకి అరవై గజాల దూరంలో తోక విప్పి నిలబడింది. ఇంకో ఇరవై గజాలు దగ్గరికి రావాలి. రాలేదు. పన్నెండైంది, తూటాలు తీసేశాను. అది ఇంకా అక్కడే తిరుగుతోంది, నావైపే చూస్తూ.

టెక్సాస్ రాంచ్‌లో జరిగింది రెండు ముక్కల్లో చెప్పొచ్చు. టైమర్ పెట్టిన ఫీడర్ ఏడున్నరకి గిర్రున తిరిగి మొక్కజొన్నలు చిమ్మింది. ఆ చప్పుడు విని పెరటి కోళ్లు మేతకి వచ్చినట్టు వరసగా వచ్చాయి. అంతా చట్టబద్ధమే. రెండూ కొట్టి తొమ్మిదికల్లా టిఫిన్‌కి వచ్చేశాను. ఆ రోజు గురించి ఇంతకంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

వీసా మీద ఉన్నవాళ్లు ఇక్కడ కాస్త ఆగి చదవండి. హెచ్1బీ, హెచ్4, ఎఫ్1 లాంటి వీసాలతో వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. శిక్ష 15 ఏళ్ల దాకా పడొచ్చు. దానికున్న మినహాయింపుల్లో ఒకటి, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్స్. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ గొడవ లేదు. మనకు మాత్రం లైసెన్స్ గడువు ముగిస్తే ఆ మినహాయింపు కూడా పోతుంది, బీరువాలో ఉన్న తుపాకీ అలాగే ఉంటుంది. పెన్సిల్వేనియా లైసెన్స్ జూన్ 30తో, టెక్సాస్‌ది ఆగస్టు 31తో అయిపోతాయి. నేను ఈ రెండు తేదీలూ ఫోన్‌లో అలారం పెట్టుకున్నవాణ్ణి. "తుపాకీ నాది కాదు, స్నేహితుడిది, ఊరికే పట్టుకున్నా" అన్నా కుదరదు. ఆ టెన్షన్ వద్దనుకుంటే విల్లు పట్టండి. విల్లు, క్రాస్‌బౌ ఆ చట్టం కిందికి రావు, రెండు రాష్ట్రాల్లోనూ టర్కీకి ఒప్పుకుంటారు. కొనేముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒక అరగంట మాట్లాడితే నష్టం లేదు.

శిక్షణ విషయంలో తేడా కొంచెమే. పెన్సిల్వేనియాలో మొదటిసారి లైసెన్స్ తీసుకునే ఎవరికైనా హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు తప్పనిసరి. టెక్సాస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు కావాలి, పదిహేడు నిండితే మొత్తం ఆన్‌లైన్‌లో చేసేయొచ్చు. పది డాలర్లు కట్టి ఒకసారి వాయిదా కూడా వేసుకోవచ్చు, కాకపోతే లైసెన్స్ ఉన్న ఇంకొకరి వెంటే వేటాడాలి. ఒక రాష్ట్రం సర్టిఫికెట్ రెండోచోటా చెల్లుతుంది. పక్షి పడ్డాక పెన్సిల్వేనియాలో అక్కడే ట్యాగ్ రాసి కట్టి, పది రోజుల్లోపు రిపోర్ట్ చేయాలి. టెక్సాస్‌లో ట్యాగ్ మీద తేదీ చీల్చి కట్టాలి, పుంజే అని చూపించడానికి ముల్లున్న కాలో, జుత్తుతో ఉన్న రొమ్ము తోలో ఉంచాలి. ఇంటిదాకా వచ్చే దారిలో ఈకలన్నీ పీకేసి శుభ్రం చేసుకునే అలవాటున్న మనవాళ్లు జాగ్రత్త.

ఇక నా మాట. ఉండేది డాలస్‌లో అయితే వేట కోసం పెన్సిల్వేనియాకి టికెట్ కొనమని చెప్పను, అక్కడే రాంచ్‌కి కట్టడానికి డబ్బు కూడబెట్టుకోండి. న్యూజెర్సీ, ఒహాయో, మేరీల్యాండ్‌లలో ఉండి ఏదో ఒకటి ఎంచుకోవాల్సి వస్తే మాత్రం పెన్సిల్వేనియా. నాలుగైదు గంటల్లో కారులో వెళ్లొచ్చు, నేల ఉచితం. ఖాళీ చేతులతో తిరిగి రావడానికి సిద్ధపడి వెళ్లండి. ఆదివారం వేట మీద ఉన్న పాత నిషేధాన్ని 2025లో ఎత్తేశారు గానీ ఏ ఆదివారాలు తెరుస్తారన్నది అక్కడి గేమ్ కమిషన్ (వేట వ్యవహారాలు చూసే శాఖ) నిర్ణయం, కాబట్టి ఆ ఏడాది పట్టిక చూసి సెలవు పెట్టండి.

దొరికితే రొమ్ము మాంసం ఏ రకంగా వండినా బాగుంటుంది. తొడలు మాత్రం ఏడెనిమిది విజిల్స్ రానివ్వాలి, ఆ తర్వాతే మసాలా.