పెంఫిగస్‌కి ఒట్టి స్టెరాయిడ్ మాత్రలా, రిటుక్సిమాబ్ కూడానా: ఏది మేలు?

పెంఫిగస్ వల్గారిస్ అంటే నోట్లో పుండ్లు, ఒంటి మీద బొబ్బలు వచ్చే జబ్బు. చాలామందికి ఇది నోట్లోనే మొదలవుతుంది. బ్రష్ చేసుకుంటుంటే చిగుళ్ల మీద పొర ఊడి వస్తుంది, గుటక మింగాలన్నా మంట. మామూలు నోటిపూత అనుకునే సరికి నెలలు గడిచిపోతాయి.

చర్మకణాలను ఒకదానికొకటి అతికించి ఉంచే ప్రొటీన్లు డెస్మోగ్లీన్లు. ఈ జబ్బులో శరీరం వాటి మీదకే యాంటీబాడీలను (మామూలుగా క్రిముల మీద దాడి చేసే ప్రొటీన్లను) వదులుతుంది. నోటి పొరలో అతుకు భారమంతా దాదాపుగా డెస్మోగ్లీన్ 3దే. చర్మంలో డెస్మోగ్లీన్ 1 కూడా తోడుంటుంది. అందుకే 3 మీద మాత్రమే దాడి జరిగితే పుండ్లు ఎక్కువగా నోటికే పరిమితం, రెండింటి మీదా జరిగితే ఒంటి మీదా బొబ్బలు లేస్తాయి.

స్టెరాయిడ్ల బలం వేగం. అవి రాకముందు ఈ జబ్బు వచ్చినవాళ్లలో చాలామంది బతికేవారు కాదు. కానీ పెద్ద డోసు నెలల తరబడి వాడితే షుగర్, గుల్లబారే ఎముకలు, ఇన్‌ఫెక్షన్లు. పైగా డోసు తగ్గించగానే బొబ్బలు మళ్లీ మొదలయ్యే బెడద.

రిటుక్సిమాబ్ సెలైన్‌లా నరంలోకి ఎక్కించే మందు. ఇది సీడీ20 అనే గుర్తు ఉన్న బి కణాలను (ఒక రకం తెల్ల రక్తకణాలను) తుడిచేస్తుంది. యాంటీబాడీలు తయారుచేసే ప్లాస్మా కణాలకు ఆ గుర్తు ఉండదు, మరి పనిచేసేదెలా? డెస్మోగ్లీన్ యాంటీబాడీలు చాలావరకు త్వరగా చచ్చిపోయే కణాల నుంచి వస్తాయి, వాటి స్థానంలోకి కొత్తవి రావాలంటే బి కణాలు ఉండాలి. పాత టీకాల యాంటీబాడీలు మాత్రం ఏళ్లపాటు బతికే ప్లాస్మా కణాలవి కాబట్టి చాలావరకు నిలుస్తాయి. నాకు ఇందులో బాగా నచ్చిన సంగతి ఇదే.

ఫ్రాన్స్‌లో 90 మందితో చేసిన ట్రయల్ ఫలితాలు 2017లో వచ్చాయి. రిటుక్సిమాబ్‌తో పాటు కొద్దికాలమే స్టెరాయిడ్ వాడినవారిలో 89 శాతం మంది రెండేళ్లకు ఏ మందూ లేకుండా జబ్బు నుంచి బయటపడి ఉన్నారు. ఒట్టి స్టెరాయిడ్ వాడినవారిలో 34 శాతమే. 2018లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి కూడా వచ్చింది. కాబట్టి జబ్బు ఓ మోస్తరు దాటితే నా ఓటు మొదట్నుంచీ రిటుక్సిమాబ్‌కే. అది పట్టు సాధించేదాకా స్టెరాయిడ్ ఎలాగూ తప్పదు.

అయితే ముందు హెపటైటిస్ బి టెస్ట్ చేయించాలి. నిద్రాణంగా ఉన్న వైరస్ లేచి కూర్చుంటే లివర్‌కే ముప్పు. వేయించుకోవాల్సిన టీకాలుంటే ముందే వేయించుకోవడం మంచిది, తర్వాత కొన్ని నెలలు అవి సరిగా పట్టవు.

పుండ్లు మానాక కూడా కొందరికి రక్తపరీక్ష రిపోర్టులో డెస్మోగ్లీన్ 3 యాంటీబాడీల అంకె ఎక్కువగానే ఉంటుంది. నోరు బాగుంటే ఆ ఒక్క అంకె చూసి టెన్షన్ పడక్కర్లేదు.