అడుగు కోసిన పెయింట్ బకెట్, సిమెంటు ఒర, వీడ్ మ్యాట్: ఏళ్ల తరబడి వాడాక నా మాట

మాది రాజమండ్రి. ఇంటి వెనక చిన్న పెరడు, ఒండ్రు మట్టి, చేతికందే దూరంలో కడియం నర్సరీలు. మొక్కలకు కొదవ లేదు. ఇబ్బందల్లా ఒకసారి నాటితే ఏళ్ల తరబడి ఉండి, ఉన్నచోట ఉండకుండా పక్క మడిలోకి పాకే రకాలతోనే. వాటిని అదుపులో పెట్టడానికి మేం మూడు వాడాం: అడుగు కోసేసిన ఇరవై లీటర్ల పెయింట్ బకెట్, సెప్టిక్ ట్యాంకులకు దించే సిమెంటు ఒర, కలుపు మొలవకుండా నేల మీద పరిచే నల్లటి వీడ్ మ్యాట్.

పుదీనాకైతే బకెట్‌ను మించింది లేదు. దాని పిలకలు నేల పైపొరలోనే అడ్డంగా పాకుతాయి, లోతుకు పోవు. బకెట్ లోతు అడుగు పైచిలుకు ఉంటుంది కాబట్టి సరిపోతుంది. కింద తెరిచే ఉంటుంది గనక నీళ్లు నిలవవు, కుండీలోలా పూటపూటకీ పోయక్కర్లేదు. అయితే అంచు నేలకు రెండు అంగుళాలైనా పైకి ఉండాలి. చూడ్డానికి బాగాలేదని అంచును మట్టికి సమంగా దించితే మొత్తం శ్రమ వృథా. వానాకాలంలో తీగలు అంచు దాటి వాలతాయి, కణుపు తడి నేలను తాకితే వేరు దిగిపోతుంది. మా ఇంట్లో పచ్చడికి ఎప్పుడూ గిరాకీ ఉంటుంది కాబట్టి అంచు చుట్టూ కోయడం పనిగా అనిపించలేదు. పచ్చడి తినని ఇల్లయితే ఆలోచించుకోండి.

ఇంకొకటి. ఏడాది తిరిగేసరికి బకెట్ మధ్యలో పుదీనా కట్టెలా ముదిరి, ఆకు సన్నబడుతుంది. వేర్లకు చోటు చాలక అలా అవుతుంది. అప్పుడు మొత్తం పెకలించి, లేత పిలకలు కొన్ని ఉంచుకుని, చివికిన పశువుల ఎరువు కలిపి మళ్లీ నాటాలి. మిగిలినవి అడిగినవాళ్లకు ఇవ్వొచ్చు, కానీ బకెట్ సంగతి కూడా చెప్పి ఇవ్వండి.

మన్నిక విషయానికొస్తే, మట్టిలో ఉన్న భాగం ఇప్పటికీ కొత్తదానిలాగే ఉంది. ఎండ తగిలే అంచే పెళుసుబారి ముక్కలుగా విరుగుతోంది. చుట్టూ సగం ఇటుకలు పేర్చాక కాస్త నయం.

మెట్టతామర, హెలికోనియాలకు మాత్రం బకెట్ పనికిరాదు. దుంపలు లావెక్కి గోడను బయటకు తోసేస్తాయి. స్నేక్ ప్లాంట్ పెట్టిన బకెట్ నిలువునా చీలింది కూడా. వీటికి సిమెంటు ఒరే సరైనది. మూడడుగుల వెడల్పు, అడుగు ఎత్తు ఒర దొర్లించుకు రావడానికి ఇద్దరు మనుషులు కావాలి, ఒకసారి దించాక జరపడం కుదరని పని. అంత బరువే దాని సుగుణం కూడా. హెలికోనియా దుంప లోతుకు పోయేది కాదు, అడుగు ఎత్తు చాలు. ఒరలో గుంపు బాగా ఇరుకైతే పూలు తగ్గుతాయి. పూసిన కాడ మళ్లీ పూయదు కాబట్టి దాన్ని మొదలంటా కోసేస్తూ ఉంటే కొత్త పిలకలకు గాలీ వెలుతురూ అందుతాయి.

పసుప్పచ్చ పూల వెడీలియా దగ్గర బకెట్టూ ఓడిపోయింది, ఒరా ఓడిపోయింది. అది నేల కింద నుంచి కాదు, పైనుంచి పాకుతుంది. ప్రతి కణుపూ ఒక కొత్త మొక్కే. ప్రపంచంలోని వంద అతి ప్రమాదకర చొరబాటు జాతుల జాబితాలో దీని పేరుంది. అయినా నేల కప్పడానికి మంచిదని నర్సరీల్లో అమ్ముతూనే ఉంటారు. మేం మొత్తం పీకేశాం. పీకిన తీగను పచ్చిగా కంపోస్టులో వేయకండి, అక్కడే చిగురిస్తుంది. డాబా మీద పెళపెళలాడేదాకా ఎండనివ్వాలి.

ఊదా పూల రుయేలియాది మరో తంటా. పిలకలను ఒర ఆపుతుంది గానీ, ఎండిన కాయ తడి తగలగానే టప్పున పగిలి గింజల్ని దూరంగా విసురుతుంది. చిన్నప్పుడు నీళ్లలో వేసి పేల్చుకున్న కాయలున్నాయే, వాటికి ఇది దగ్గరి చుట్టమే. గోడలు కట్టి లాభం లేదు. వాడిన పూలు, కాయలు తుంచే ఓపికుంటేనే పెంచండి.

వీడ్ మ్యాట్‌కు మార్కులు వెయ్యను. తుంగ మొన దాన్ని సూదిలా పొడుచుకుని పైకొచ్చింది. నాలుగు వానలకు మ్యాట్ మీద మట్టి చేరి, ఆ మట్టిలో గరిక కూడా మొలిచింది. దాన్ని లాగితే మ్యాటూ వెంట వస్తుంది. తుంగ గడ్డలు బకెట్ కింద నుంచి పుదీనాలోకీ వచ్చాయి. పెకలించి నాటేటప్పుడు ఏరుకోవడం తప్ప దారి లేదు. మందు కొట్టమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. గ్లైఫోసేట్ అనే కలుపు మందును లైసెన్సున్న పెస్ట్ కంట్రోల్ వాళ్లు తప్ప ఇంకెవరూ వాడకూడదని కేంద్రం 2022లోనే ఉత్తర్వు ఇచ్చింది. అదలా ఉంచినా, పచ్చడి చేసుకునే ఆకు పక్కన మందు కొట్టడానికి నాకు మనసొప్పదు.

బకెట్లు ఇంటికి రంగులేసేవాళ్లనో పాతసామాన్ల కొట్లోనో అడిగితే దొరుకుతాయి. తినే మొక్కలకైతే నీళ్లలో కలిపే ఎమల్షన్ డబ్బాలే తీసుకుని, లోపల పొర ఊడేదాకా కడగండి. ఆయిల్ పెయింట్, టిన్నర్ డబ్బాలు వద్దు. అడుగు కోయడానికి హాక్సా బ్లేడు చాలు, కోసిన అంచు మాత్రం చేతులు గీరకుండా ఉప్పుకాగితంతో రుద్దుకోవాలి.