చెన్నైలో బీచ్ పక్కన గది ఎందుకు వద్దంటున్నానంటే

చెన్నై వెళ్తూ "సీ వ్యూ" అని రాసి ఉన్న గది బుక్ చేయబోతున్నవాళ్లు ముందు ఇది చదవండి, డబ్బు తర్వాత కట్టొచ్చు. ఊరంతా సముద్రం ఒడ్డునే ఉన్నా సముద్రం పక్కన బస మాత్రం ఊళ్లో దాదాపు దొరకదు. మెరీనా వెంట యూనివర్సిటీ, ప్రెసిడెన్సీ కాలేజీ, సర్కారు ఆఫీసులు, నాయకుల సమాధులే ఉంటాయి. అందుకే బీచ్ అని వెతికితే ఫోన్ మనల్ని తిరువాన్మియూరు దాటించి మహాబలిపురం వెళ్లే ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద పడేస్తుంది. మా మరిదికీ అదే జరిగింది. సంక్రాంతి సెలవులకి పనైయూరులో గది పట్టాడు, రాత్రికి 4,800, ఫోటోలో కిటికీ నిండా నీళ్లే. "వదినా, లేవగానే సముద్రం" అని వారం రోజులు ఊరించాడు.

ఎగ్మోర్‌లో తెల్లారి దిగాం. అక్కణ్ణుంచి పనైయూరుకి క్యాబ్ 760. వెబ్‌సైట్లో 24 గంటల చెక్-ఇన్ అని ఉంది కదా అని నేరుగా వెళ్తే, కౌంటర్ దగ్గర కుర్రాడు మధ్యాహ్నం 12కే గది అన్నాడు, ఇప్పుడే కావాలంటే 1,500 అదనం. స్క్రీన్‌షాట్ చూపిస్తే అది బుకింగ్ కంపెనీ రాసుకున్నదట, వాళ్లకి సంబంధం లేదట. మా అత్తయ్య సంచి ఒళ్లో పెట్టుకుని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది, కొడుకు వైపు చూడను కూడా లేదు. ఆవిడ మోకాళ్ల సంగతి తెలుసు కాబట్టి 1,500 కట్టేశాం.

గదిలోకి వెళ్లి కర్టెన్ తీస్తే పక్కింటి నీళ్ల ట్యాంకు. సముద్రం మేడ మీద నుంచి కనిపిస్తుందన్నారు, ఎక్కి చూస్తే కొబ్బరి చెట్ల వెనక సన్నగా ఒక గీత కనిపించింది. పోనీ బీచ్‌కి నడుద్దాం, "5 నిమిషాల నడక" అని రాశారు కదా అంటే, ఆ సందు చివర ఎవరిదో బంగళా గేటు, దానికి తాళం. చుట్టూ తిరిగి జాలరుల కుప్పం లోంచి వెళ్లాలి, మా పాపతో అరగంట పట్టింది. కుప్పంలో వలలు బాగు చేసుకుంటున్న ఒకామె మాత్రం మా అత్తయ్యని పిలిచి నీడన కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చింది. ఇద్దరికీ భాష కలవలేదు గానీ మోకాళ్ల నొప్పుల గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. హోటల్లో నీళ్ల సీసా 60 రూపాయలు, ఇది కూడా చెప్పాలి.

తిండి ఇంకో కథ. పొద్దున ఆరున్నరకి కాఫీ కావాలంటే హోటల్లో కిచెన్ ఎనిమిదికి తెరుస్తారు, బయట మెయిన్ రోడ్డు దాటితే గానీ టీకొట్టు లేదు, ఆ రోడ్డు మీద బండ్లు ఆగవు. ఇక కానుం పొంగల్ రోజు, అంటే మనకి కనుమ తర్వాతి రోజు, చెన్నైలో సగం జనం బీచ్‌లకీ మహాబలిపురానికీ బయలుదేరతారు, ఈసీఆర్ అంతా జామ్. మైలాపూర్ తీసుకెళ్లమంటే ఆటో అతను 800 అడిగాడు. మీటరు మాట ఎత్తితే నవ్వాడు. 2013లో ప్రభుత్వం పెట్టిన రేటు మొదటి 1.8 కిలోమీటర్లకి 25, ఆపైన కిలోమీటరుకి 12. ఆ రేటుకి వచ్చే ఆటో మాకైతే ఒక్కటీ తగల్లేదు.

బిల్లు దగ్గర నేను అడ్డం తిరిగాను. గది మీద 12 శాతం జీఎస్టీ వేశారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి రాత్రికి 7,500 లోపు గదులకి 5 శాతమే. రెండు రాత్రులకి 480 కావాల్సింది 1,152 అయింది. కంప్యూటర్లో అలాగే వస్తుందండీ అన్నాడు కుర్రాడు. మేనేజర్‌ని పిలిపించి, మా ఆయన "పోనీలే, రైలుకి లేటవుతుంది" అని గొణుగుతున్నా వినకుండా (ఆ రోజు మాకు రైలే లేదు), 672 రూపాయలు వెనక్కి తీసుకున్నాకే కదిలాను. 1,500 మాత్రం రాలేదు. మీరు కూడా ఇప్పుడు హోటల్ బిల్లులో ఆ లైను చూసుకోండి.

ఈసీఆర్‌ని మరీ తీసిపారేయను. సొంత కారు ఉండి, మహాబలిపురం, మొసళ్ల బ్యాంకు (మొసళ్ల పార్కు), ముట్టుకాడు దగ్గర పాత ఇళ్ల మ్యూజియం దక్షిణచిత్ర చూడ్డమే పని అయితే అటువైపు బస నయమే. దక్షిణచిత్రలో మన విశాఖ వైపు హరిపురం చుట్టిల్లు ఒకటి, నల్గొండ కొయ్యలగూడెం ఇక్కత్ నేతగాళ్ల ఇల్లు ఒకటి తెచ్చి నిలబెట్టారు. ఆ చుట్టింటి ముందు మా అత్తయ్యకి మూడ్ బాగుపడి కొడుకుతో మాట్లాడింది. మంగళవారం సెలవు, చూసుకుని వెళ్లండి. మహాబలిపురం హాయిగా గడిచింది.

తర్వాత మెరీనా దగ్గరి ట్రిప్లికేన్‌కి మారాం. తిరువాన్మియూరు దాకా మామూలు సిటీ బస్సు. తమిళనాడులో 2021 మే నుంచి వాటిలో ఆడవాళ్లకి ఉచితం. మన స్త్రీశక్తి బస్సులో లాగా ఇక్కడ ఆధార్ కూడా అడగరు, మా అత్తయ్య దిగేదాకా అదే ఆశ్చర్యపోయింది. అక్కణ్ణుంచి ఎంఆర్‌టీఎస్ లోకల్ రైలు ఎక్కితే టికెట్ ఐదో పదో, స్టేషన్లు మాత్రం బోసిగా, చీకటిగా ఉంటాయి, మెట్లెక్కలేనివాళ్లతో వెళ్తే ముందే లిఫ్ట్ పనిచేస్తోందా అని అడగండి. మా దగ్గర పనిచేయలేదు. మరిది వాళ్లమ్మని చెయ్యి పట్టుకుని ఎక్కించాడు, తప్పదుగా.

పార్థసారథి గుడికి రెండు సందుల అవతల లాడ్జి. గది 2,100, జీఎస్టీ 105, మొత్తం 2,205. చిన్న గది, కిటికీ తీస్తే గోడ, వేడినీళ్లు తొమ్మిదింటి దాకానే. అయినా ఫోటోలో చూపించిందీ, ఇచ్చిందీ ఒకటే. కౌంటర్లో పెద్దాయన మా మాట వినగానే తెలుగులోకి మారాడు, వాళ్ల తాతలది నెల్లూరట. తెల్లారి ఏడు కాకుండా వచ్చినా పైసా అదనం అడగలేదు. "అమ్మగారిని ముందు పడుకోనివ్వండి, రిజిస్టర్ తర్వాత రాద్దాం" అన్నాడు. ఆ వీధుల్లో మాన్షన్లని ఉంటాయి, అవి బ్రహ్మచారుల గదులు, కుటుంబాలతో వెళ్తే వాటి జోలికి పోకండి, లాడ్జి అని అడగండి.

గుడిలో మూలవిరాట్టుకి గుబురు మీసాలు, ఉత్సవమూర్తి ముఖం మీద భీష్ముడి బాణాల గాట్లు. పాప ఆ గాట్లు చూసి నొప్పిగా ఉంటుందా అని పూజారిని అడిగేసింది. బయటికొచ్చి రత్నా కఫేలో సాంబార్ ఇడ్లీ. 1948 నుంచి ఉన్న హోటల్. ఇడ్లీ మునిగేదాకా సాంబారు పోస్తారు, అయిపోతే మళ్లీ పోస్తారు, అడగక్కర్లేదు. మా అత్తయ్య చెన్నై సాంబారు తియ్యగా ఉంటుందని జీవితాంతం తిట్టిన మనిషి, రెండో ప్లేటు చెప్పింది. సాయంత్రం నడుచుకుంటూ మెరీనాకి వెళ్లాం. వివేకానందుడు 1897లో బస చేసిన పాత భవనం ఐస్‌హౌస్ అక్కడే రోడ్డు పక్కన కనిపిస్తుంది. నీళ్లలో దిగనివ్వరు, లోపలికి లాగే సముద్రం అది, పోలీసులు విజిల్ ఊదుతూనే ఉంటారు. సుండల్ (గుగ్గిళ్లు) తిని, ఇసుకలో కూర్చుని వచ్చాం. సముద్రానికి మాకైన ఖర్చు అంతే.

మిగతా పేటల గురించి నా అభిప్రాయం. టీనగర్ బట్టలూ నగలూ కొనేవాళ్లకి. అక్కడ కొట్లలో తెలుగు ధారాళంగా నడుస్తుంది, వెంకటనారాయణ రోడ్డులో టీటీడీ గుడి కూడా ఉంది. కానీ పండగ వారంలో రంగనాథన్ వీధి దగ్గర గది తీసుకోవడం నరకం, మాంబళం స్టేషన్ నుంచి స్కైవాక్ మీదుగా వచ్చి కొనుక్కుని పోతే చాలు. బెసెంట్ నగర్ సాయంత్రాలు ఊరంతటిలోకీ బాగుంటాయి, లాడ్జీలు తక్కువ, రైలు లేదు. ఎగ్మోర్, పెరియమెట్ తెల్లవారి రైలు పట్టుకునేవాళ్లకే. మైలాపూర్ అయితే నేను కళ్లు మూసుకుని సరే అంటాను. కపాలీశ్వరుడి గుడి, మాడవీధులు, రాయపేట హైరోడ్డులో 1952 డిసెంబర్ 15న పొట్టి శ్రీరాములు గారు కన్నుమూసిన ఇంటి చోట స్మారక భవనం, అన్నీ దగ్గరదగ్గరే. అయితే డిసెంబర్‌లో సంగీత కచేరీల సీజన్ కాబట్టి గదులు దొరకడం కష్టం, పైగా లజ్ కూడలి దగ్గర మెట్రో పనులతో రోడ్లు తిప్పేశారు, ఆటోకి అదో సాకు.

ట్రిప్లికేన్ ఖాయం చేసుకునే ముందు చేపాక్‌లో మ్యాచ్ ఉందేమో చూసుకోండి. స్టేడియం నడిచిపోయేంత దూరం, ఆ రోజు చుట్టుపక్కల రోడ్లు మూస్తారు, గది రేటు కూడా 2,100 దగ్గర ఆగదు అని లాడ్జి పెద్దాయనే చెప్పాడు.