తిరుపతి నుంచి కన్యాకుమారి దాకా తొక్కిన సైకిలు: నాలుగేళ్ల వాడకం తర్వాత

2021లో తిరుపతిలో 32 వేల రూపాయలు పెట్టి కొన్న ఈ ఉక్కు ఫ్రేము సైకిలు మీద నేను ఇప్పటికి 14 వేల కిలోమీటర్లకు పైగా తిరిగాను. అందులో సుమారు 800 కిలోమీటర్లు ఒకే ప్రయాణంలో, 2023 సంక్రాంతి వెళ్లిన వెంటనే తిరుపతి నుంచి కన్యాకుమారి దాకా, ఎనిమిది రోజుల్లో పూర్తయ్యాయి. మిగిలిందంతా తెల్లవారుజామున చంద్రగిరి కోట దాకా వెళ్లి రావడం, ఆదివారాల్లో శ్రీకాళహస్తి, కాణిపాకం, ఓపిక ఉన్న నెలలో భాకరాపేట ఘాట్, రెండుసార్లు హార్సిలీ హిల్స్. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ ధరలో ఈ తరహాలో వచ్చే సైకిళ్లన్నిటికీ బలం ఒకచోటే, బలహీనత ఒకచోటే ఉంటుందని నాతో తొక్కేవాళ్ల సైకిళ్లు చూశాక నాకు నమ్మకం కుదిరింది. పైగా ఆ ప్రయాణంలో సైకిలు ఎంత పనిచేసిందో స్నేహితులూ అంతే పనిచేశారు కాబట్టి, వాళ్ల సాయం ఎక్కడ పనికొచ్చింది, ఎక్కడ అడ్డొచ్చింది అన్నది కూడా ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఫ్రేము సంగతి. సైకిలు మొత్తం బరువు 15 కిలోలు. అల్యూమినియం సైకిలుతో పోలిస్తే మేడ మెట్లు ఎక్కించేటప్పుడు ఆ తేడా భుజానికి తెలుస్తుంది, రోడ్డు మీద మాత్రం తెలియదు. ఉక్కయితే విరిగినా ఏ ఊళ్లోనైనా వెల్డింగు షాపులో అతికించుకోవచ్చని చెప్పి నాచేత ఇది కొనిపించారు. నాలుగేళ్లలో అలాంటి అవసరమే రాలేదు కానీ, ఉక్కు మేలు వేరే రూపంలో తెలిసింది, అది తర్వాత చెబుతాను. తుప్పు మాత్రం నిజమైన సమస్య. రంగు లేచినచోట ఒక్క వానాకాలం వదిలేస్తే చాలు, ఎర్రగా పొక్కుతుంది. సీటు గొట్టాన్ని ఆరు నెలలకోసారి బయటికి తీసి గ్రీజు రాయకపోతే లోపలే పట్టేసుకుంటుంది. నాది ఒకసారి పట్టేసుకుంటే ఊడదీయడానికి ఇద్దరం గంటసేపు తిప్పలు పడ్డాం.

గేర్ల విషయంలో నాకు ఫిర్యాదు లేదు. ముందు మూడు, వెనుక ఎనిమిది. ముందున్న చిన్న పళ్లచక్రానికి 28 పళ్లు, వెనుక పెద్దదానికి 32 పళ్లు ఉండటంవల్ల ఆ గేర్లో పెడలు ఒక చుట్టు తిరిగితే వెనుక చక్రం ఒక చుట్టు కూడా పూర్తిగా తిరగదు. భాకరాపేట ఘాట్ మలుపుల్లో, హార్సిలీ హిల్స్ ఆఖరి ఎత్తులో కాలు కింద పెట్టకుండా ఎక్కగలిగానంటే ఆ గేరు వల్లే. చైను మాత్రం సుమారు మూడు వేల కిలోమీటర్లకోసారి మారుస్తున్నాను. కొత్త చైనులో పన్నెండు జతల లింకులు కొలిస్తే సరిగ్గా 12 అంగుళాలు ఉంటుంది. అది ఒక అంగుళంలో పదహారో వంతు సాగిందంటే మార్చేయాలి, లేకపోతే ఆ సాగిన చైను పళ్లచక్రాలను కూడా తినేస్తుంది. పిల్లల జామెట్రీ బాక్సులోని స్కేలు సరిపోతుంది, ప్రత్యేకమైన పరికరం కొననక్కర్లేదు.

దూరం వెళ్లేవాళ్లు కొనేముందే తెలుసుకోవలసింది చక్రం కొలత. ఈ సైకిలుది 700సి చక్రం, అంటే టైరు అంచు కూర్చునే రిమ్ము వ్యాసం 622 మిల్లీమీటర్లు. మన ఊళ్లలో పాలక్యాన్లు కట్టుకు తిరిగే పాత 28 అంగుళాల సైకిలుకు అదే కొలత 635. ఉన్న తేడా 13 మిల్లీమీటర్లే అయినా ఆ టైరు దీనికి పట్టదు, ఆ స్పోకు దీనికి పనికిరాదు. చిత్తూరు దాటాక చిన్న ఊరి సైకిలు షాపులో గోడ నిండా వేలాడుతున్న టైర్లు చూసి ధైర్యం తెచ్చుకోవడం వృథా. వాటిలో ఒక్కటి కూడా మనది కాదు. గాలి విషయంలో మాత్రం నా అదృష్టం బాగుంది. ఈ సైకిలు ట్యూబులకు మోటారుసైకిలు తరహా వాల్వు ఉండటంతో పెట్రోలు బంకులోనో, పంక్చరు షాపులోనో ఆపి నింపించుకోగలిగాను. సన్నని ప్రెస్టా వాల్వు ఉన్నవాళ్లు అడాప్టరు జేబులో లేకుండా గడప దాటకూడదు.

టైర్లు 35 మిల్లీమీటర్లవి. దారి పొడవునా రెండే పంక్చర్లు. రెండూ పేలిన లారీ టైర్ల నుంచి రోడ్డు అంచున రాలి ఉండే సన్నని ఉక్కు తీగల వల్లే. ఆ తీగ కంటికి ఆనదు, వేలితో తడిమితే గుచ్చుకుంటుంది. టైరు లోపల దూది ఉండను మెల్లగా తిప్పుకుంటూ పోతే తీగ ఉన్నచోట పీచు చిక్కుకుంటుంది. తీగను తీయకుండా ట్యూబు మాత్రమే మార్చి, రెండు కిలోమీటర్లకే మళ్లీ దిగినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

ఇక ప్రయాణం. నాతోపాటు బడిలో చదివిన మిత్రుడు తన పాత కారుతో మధురై దాకా వస్తానన్నాడు. అక్కడి నుంచి ఇంకొకడు రైల్లో వచ్చి కారు అందుకోవాలి. మొదటిరోజు చంద్రగిరి దాటిన దగ్గర్నుంచి కారు నా వెనకే, నాలుగు లైట్లూ మిణుకుమిణుకుమంటూ, ఇరవై కిలోమీటర్ల వేగంతో వచ్చింది. వెనక రక్షణ ఉందని ఇంట్లోవాళ్లు సంతోషించారు కానీ రోడ్డు మీద జరిగింది వేరు. లారీలు ముందు కారును, తర్వాత నన్ను, రెండిటినీ ఒక్క ఊపులో దాటాల్సి రావడంతో కారును దాటగానే ఎడమకు కోసుకుని నా మీదికి వచ్చేవి. పూతలపట్టుకు ముందు ఒక బస్సు అలాగే కోస్తే నేను మట్టిలోకి దిగిపోయాను. అక్కడ ఆగినప్పుడు వాడు కూడా చేతులెత్తేశాడు: "ఒరే మామా, రెండో గేర్లో ఇంత దూరం తోల్తే క్లచ్చు కాలిపోతాది రా."

అప్పటి నుంచి పద్ధతి మార్చాం. కారు పాతిక కిలోమీటర్లు ముందుకు వెళ్లి, నీడా నీళ్లూ ఉన్నచోట ఆగుతుంది. నేను ఎక్కడున్నానో ఫోన్లో కనిపిస్తూ ఉంటుంది. చెప్పిన సమయానికి అరగంట దాటితే వెనక్కి వస్తుంది. అంతే. అంతకు మించి దగ్గరగా ఉంటే సాయం కాదు, అడ్డు. అయితే న్యాయంగా ఒకటి ఒప్పుకోవాలి. వెనక రావడంవల్ల వాడు కనిపెట్టింది ఒకటుంది. రెండోరోజు పోలూరు దగ్గర నా మోకాలు ముందువైపు పట్టేస్తే, "నిన్నంతా ఎనకనుంచి చూస్తిని, పెద్దోడు పిల్లోళ్ల సైకిలు తొక్కినట్టే ఉండావు" అన్నాడు. సీటు నిజంగానే పల్లంగా ఉంది. పెడలు పూర్తిగా కిందికి వచ్చినప్పుడు దాని మీద మడమ ఆనిస్తే కాలు నిటారుగా రావాలి. నాకు మోకాలు వంగే ఉంది. రెండు వేళ్ల మందం పైకి లేపాను. సాయంత్రం అరుణాచలం కొండ కనిపించే వేళకు నొప్పి సగానికి తగ్గింది, మూడోరోజు విల్లుపురం దాటేసరికి గుర్తుకు కూడా రాలేదు. రెండేళ్లుగా తొక్కుతున్న సైకిలుకు సీటు ఎత్తు తెలియలేదంటే సిగ్గే, కానీ 40 కిలోమీటర్ల సవారీలో ఈ తప్పు బయటపడదు.

సామాను సంచులు 12 కిలోలు. వాటిని వేలూరులోనే కారులోకి మార్చేశాను. అందువల్ల ఈ సైకిలు పూర్తి బరువుతో రోజుల తరబడి ఎలా నడుస్తుందో చెప్పే అర్హత నాకు లేదు. మొదటిరోజు వంద కిలోమీటర్లలో, దిగుడు రోడ్డు మీద హ్యాండిల్ కొద్దిగా ఊగిందని మాత్రం చెప్పగలను. కారులో మాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడినవి నీళ్లే. లీటరు నీటికి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, తలకొట్టిన కొలత, వాడు పొద్దున్నే నాలుగు సీసాలు కలిపి పెట్టేవాడు.

ఈ సైకిలుకున్న అసలు లోపం ఐదోరోజు, ఆదివారం, తిరుచ్చి నుంచి మధురై వెళ్లేటప్పుడు తువరంకురిచ్చి దగ్గర బయటపడింది. వీణ తీగ తెగినట్టు ఠంగుమని ఒక చప్పుడు, వెంటనే వెనుక బ్రేకు షూకు రిమ్ము రాసుకుంటున్న శబ్దం. దిగి చూస్తే చైను వైపు స్పోకు ఒకటి హబ్బు దగ్గర వంపులో తెగింది. గేర్ల పళ్లచక్రాలకు చోటివ్వడానికి వెనుక చక్రంలో ఆ వైపు స్పోకులను నిటారుగా, ఎక్కువ బిగువుతో కట్టాల్సి వస్తుంది. తెగేవి సాధారణంగా అవే. పైగా ఆ స్పోకు మార్చాలంటే పళ్లచక్రాల గుత్తిని ఊడదీయాలి, దానికి ప్రత్యేకమైన పనిముట్లు కావాలి. నా దగ్గర స్పోకూ లేదు, పనిముట్లూ లేవు. కారు వెనక్కి వచ్చింది కానీ, నా మిత్రుడికి సైకిలు గురించి తెలిసిందల్లా బెల్లు ఎక్కడుంటుందో అంతే.

తిరుచ్చిలో ఉద్యోగం చేస్తున్న తిరుపతి ఆయన ఒకరున్నారు, నేను అన్నా అని పిలుస్తాను. ఆయన బ్రెవేలు తొక్కే మనిషి. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో పూర్తిచేయాల్సిన ఆ సవారీల్లో నిర్ణీత చోట్ల తప్ప దారిలో ఏ బండీ సాయం చేయకూడదు, అందుకే ముందురోజు రాత్రి భోజనం దగ్గర మా కారును చూసి, "ఇదేం ప్రయాణమప్పా, పెళ్లికి పోతాండారా?" అని నవ్వారు. ఆ ఆదివారం దుకాణాలన్నీ మూసి ఉంటే, తన సొంత పనిముట్లతో, తన దగ్గరున్న మూడు స్పోకులతో మోటారుసైకిలు మీద వచ్చింది ఆయనే. నేను అప్పటికి సైకిలు నడిపించుకుంటూ ఒక టీ అంగడి చేరాను. టీ అంగడి పెద్దాయన కూర్చోవడానికని ఇచ్చిన ముక్కాలి పీట మీద చక్రం పెట్టి గుత్తి ఊడదీశారు. ఆయన తెచ్చిన స్పోకు మా కొలతకు రెండు మిల్లీమీటర్లు పొడుగు. బిగించాక దాని మొన రిమ్ము లోపలికి పొడుచుకు వచ్చింది. అలాగే వదిలేస్తే ట్యూబు చిల్లిపడుతుంది. టైరు, ట్యూబు తీసి, మొనను ఆకురాయితో అరగదీసి, దాని మీద పంక్చరు పట్టీ ముక్క అతికించారు. తర్వాత చక్రాన్ని సైకిలుకు బిగించి, బ్రేకు షూనే కొలబద్దగా పెట్టుకుని, ఏ వైపు రాసుకుంటే ఆ వైపు పావు చుట్టు వదులుతూ, ఎదుటివైపు పావు చుట్టు బిగిస్తూ బెండు తీశారు. మొత్తం గంటంబావు పట్టింది. డబ్బు ప్రస్తావన తేబోతే టీ ఇప్పించమన్నారు. ఆ రాత్రి ఎనిమిదింటికి మధురై చేరాం, చీకట్లో తొక్కింది ఆ ఒక్కరోజే.

ఆ తర్వాత చెప్పుకోదగ్గ ఇబ్బంది లేదు. కోవిల్‌పట్టిలో భౌగోళిక గుర్తింపు పొందిన వేరుశనగ మిఠాయి కొని మిగిలిన రోజులు దాని మీదే నడిచాను. మన పల్లీ చిక్కీ మీద అభిమానం ఉన్నవాణ్ణయినా దానికే ఓటు. ఆఖరి రోజు నాంగునేరి, కావల్‌కిణరు మీదుగా గాలిమరల మధ్య నుంచి వెళ్తుంటే గాలి ఎక్కువగా వెనక నుంచే వీచింది. అదే నైరుతి రుతుపవనాల కాలమైతే ఆరల్‌వాయ్‌మొళి కనుమ గుండా పడమటి గాలి విరుచుకుపడుతుంది, ఆ మరలన్నీ అక్కడ పాతింది అందుకే. జనవరి ఎంచుకోవడం మా ప్రయాణంలో సరిగ్గా చేసిన పని.

తిరుగు ప్రయాణంలో చక్రాలు ఊడదీసి సైకిలును కారు వెనుక సీటులో కుడివైపు కిందికి వచ్చేలా పడుకోబెట్టాం. ఇది తప్పు, ఆ వైపే గేర్లు మార్చే యంత్రం వేలాడుతుంది. ఇంటికి వచ్చి చూస్తే దాన్ని పట్టుకుని ఉండే కొక్కెం వంగిపోయి, పెద్ద గేరు వేస్తే చైను స్పోకుల్లోకి పోతోంది. అల్యూమినియం ఫ్రేముకైతే ఆ కొక్కెం విడిగా దొరికే సరైన భాగం వెతికి తెప్పించాలి. నాది ఫ్రేముతో కలిసి ఉన్న ఉక్కు ముక్క కాబట్టి మెకానిక్ పది నిమిషాల్లో వంపు సరిచేశాడు. ఉక్కు మేలు చెబుతానన్నది దీని గురించే.

తోలు సీటు మొదటి 600 కిలోమీటర్లు శిక్ష, ఇప్పుడు దాన్ని ఎవరికీ ఇవ్వను. వానలో మాత్రం పాలిథిన్ సంచి తొడగాలి. హ్యాండిల్ రబ్బరు పిడులు గుండ్రంగా ఉండటంతో ప్రయాణం తర్వాత చిటికెనవేలు పదిరోజులు తిమ్మిరిగా ఉంది, అరచేయి ఆనే వెడల్పు పిడులు వేయించాక పోయింది. వెనుక చక్రాన్ని 32 స్పోకుల నుంచి 36 స్పోకులకు మార్పించాను. ఆ చక్రం మీద ఇప్పటికి ఏడు వేల కిలోమీటర్లు తిరిగాను, ఒక్క స్పోకూ తెగలేదు. ఇదే సైకిలు కొనేవాళ్లు ఆ మార్పు ప్రయాణానికి ముందే చేయించుకోవాలి. సరైన కొలత ఉన్న మూడు విడి స్పోకులు చైను పక్క గొట్టానికి టేపుతో చుట్టి పెట్టాను. సైకిలు కడిగినప్పుడల్లా ఆ టేపు ఊడి, మళ్లీ చుట్టాల్సి వస్తోంది.