పాత 315 రైఫిల్ కొని దాని కట్టె (చేత పట్టే, భుజానికి ఆనిచ్చే చెక్క భాగం) మార్పిచ్చిన, జర నా అనుభవం వినుర్రి

మాది దేవరకొండ దిక్కు. తాత కాలంల మా ఇంట్ల బర్మారు తుపాకి, మూతిల నుంచి మందు కూరేది, ఉండేదంట, నాయిన కాలానికి ట్వెల్వ్ బోర్ అయింది, నా కాలానికి అది కూడా తుప్పు పట్టిపోయింది. గప్పుడే టెక్సస్‌ల ఉండే మా తమ్ముడు పాత జర్మన్ ఫౌజు రైఫిల్ మౌజర్ 98 కొని కట్టె, సైట్, ట్రిగ్గర్ అన్ని మార్పిచ్చి వేట రైఫిల్ లెక్క చేపిచ్చుకున్న వీడియో పంపిండు, అది చూసిన కాడినుంచి నాకు నిద్ర పట్టలే.

మన దగ్గర గట్ల నడవదు. త్రీనాట్‌త్రీ (.303) తూటా ఫౌజుది, పోలీసోళ్ళది, పబ్లిక్‌కి ఇయ్యరు. బ్రిటిషోళ్ళ జమానాల నుంచి గదే లెక్క. గందుకే బెంగాల్‌ల ఉన్న ఇషాపూర్ సర్కారు తుపాకుల ఫ్యాక్టరీల, ఆ త్రీనాట్‌త్రీ పేల్చే ఫౌజు రైఫిల్ లీ-ఎన్‌ఫీల్డ్ బాడీ మీదనే ఆస్ట్రియా మాన్లిచర్ 8 మి.మీ. తూటాకు సరిపడే బ్యారెల్ వేసి 315 అని అమ్మిన్రు. అంటే మనకు లైసెన్స్ మీద దొరికేదే ఆల్రెడీ మార్చిన ఫౌజు రైఫిల్ అన్నట్టు. మొత్తం కొత్తగ చేపియ్యాలె అని ఆశపడకుర్రి, మంచి ముక్క ఏరుకొని కట్టె మార్చుకుంటే చాలు.

హైదరాబాద్‌ల ఒక లైసెన్స్ డీలర్ దగ్గర రెండు పాతయి చూసిన. ఒకటి నల్లగ నిగనిగ మెరుస్తున్నది, కట్టె కూడా పాలిష్. ఇంకోటి చూస్తే ఎడ్లబండి కింద పడ్డట్టు గీతలు. నేను మెరిసేదే తీసుకుందును గానీ బోల్ట్ (ముంగటికి వెనకకు జరిపి తూటా ఎక్కిచ్చి మూసే కడ్డీ) హ్యాండిల్ మీద నంబరు చూసిన, బాడీ మీద నంబరు వేరే ఉన్నది. ఎన్‌ఫీల్డ్‌కు బోల్ట్ బాడీకి జత కూర్చి పెడ్తరు, పేలేటప్పుడు బోల్ట్ కదలకుండ పట్టు ఇచ్చే గుబ్బలు (లగ్గులు) వెనక దిక్కే ఉంటయి, మౌజర్‌కు ముంగట ఉంటయి. వేరే బోల్ట్ పెడితే తూటా వెనక సందు ఎక్కువ తక్కువ అయితది, మొహం దగ్గర పెట్టుకొని పేల్చే సామాను మరి. వద్దన్న.

గీతలదాని బోల్ట్ తీసి, బ్యారెల్ వెలుగుకు పెట్టి వెనక నుంచి చూసిన. తూటాను తిప్పే లోపలి మెలి గాళ్ళు చివరి దాక సాఫ్‌గ ఉన్నయి, మూతి కాడ జర అరిగింది, పాత ఓనర్ రాడ్ ముంగట నుంచి తోసి తుడిచినట్టున్నడు. సరే అని అదే తీసుకున్న. బోల్ట్ ముంగటికి తోసేటప్పుడు ఆఖర్ల బరువు తగుల్తది, తూటాను కొట్టే సూది స్ప్రింగ్ అప్పుడే ఎక్కుతది, మౌజర్‌కు హ్యాండిల్ లేపేటప్పుడు ఎక్కుతది. మొదట్ల ఖరాబ్ అనుకున్న, కాదు, దాని తీరే అంత. అలవాటైనంక చెయ్యి మస్తు స్పీడ్‌గ ఆడుతది.

ఇగ అసలు బాధ కట్టెది. పేరు చెప్ప గానీ ఒక రిపేర్ షాపుల ఇచ్చిన, లైసెన్స్ ఉన్నదే, 9 వేలు. వెనక కట్టె పట్టి ఉంచే పొడుగు మర (స్క్రూ) ఉంటది, దాని కొన నాలుగు పలకలు, పోయి ముందు కట్టెల ఉన్న రేకుల కూసుంటది. ముందు కట్టె ఇప్పకుండ ఆ మర తిప్పొద్దు. ఆయన తిప్పిండు! టక్ అని సప్పుడు, ముందు కట్టె వెనక భాగం జానెడు చీరుకపోయింది. అడిగితే పాత కట్టె కదా అన్నడు. మళ్ళ ఇంకో కాడ రెండు కట్టెలు అక్రోట్ చెక్కతోటి చేపియ్యాల్సొచ్చింది, బాడీ వెనక ఆనే కాడ సందు లేకుండ కూసుండబెట్టినంకనే గురి మీద తూటాలు పడే గుంపు దగ్గరికొచ్చింది, అంతకుముందు తూటాలు నలుదిక్కుల పోయినయి.

టెలిస్కోప్ పెట్టియ్యలే. బాడీకి బెజ్జాలు కొట్టాలె, మనసొప్పలే. బ్యారెల్ కోసి పొట్టి చేపియ్యమని ఒక దోస్తు సలహా ఇచ్చిండు, ఆర్మ్స్ యాక్ట్ 1959 చూసి మాట్లాడు రా అన్న. పల్లి చేన్ల పందులు పడ్డయి ఒక్కటి కొట్టన్నా అని అడిగేటోళ్ళకు కూడా గదే జవాబు, పర్మిషన్ లేకుండ కొడితే 1972 వన్యప్రాణి చట్టం కింద లోపటేస్తరు.

రైఫిల్‌కు 5కు 4 ఇస్త, మొదటి రిపేర్ షాపుకు సున్న. ఇప్పుడైతే ఎలక్షన్ కోడ్ ఉన్నది, తీస్కపోయి ఠాణాల డిపాజిట్ చేసిన. కొత్త కట్టెకు గీతలు పడ్తయని పాత దుప్పటి చుట్టి ఇస్తే, ఏం పటేలా పసిపిల్లనా ఇది అని రైటర్ ఒకటే నవ్వుడు.