పదిహేను పౌండ్ల అంబ్రెల్లానా, పాతిక పౌండ్ల అంబ్రెల్లానా?

ఇక్కడ బ్రిటన్‌లో కాంట్రాక్టు పని చేసే మనకు, ఏజెన్సీ నుంచి వచ్చే సొమ్ము అందుకుని, పన్నులు కోసి, మిగిలింది జీతంగా ఇచ్చేదే అంబ్రెల్లా కంపెనీ. పోయిన నెల ఆ కంపెనీ మారాను. వారానికి 15 పౌండ్ల మార్జిన్ (అంటే తన రుసుము) తీసుకునేదాన్ని వదిలి, 25 పౌండ్లు తీసుకునేదాంట్లో చేరాను. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి హౌన్స్‌లో, స్లౌ, రెడింగ్ మిత్రులందరిదీ ఒకటే ప్రశ్న: తెలిసి తెలిసి పది పౌండ్లు ఎక్కువ ఎందుకు ఇస్తున్నావు? ఫోనులో ఒక్కొక్కరికీ లెక్క చెప్పి చెప్పి అలసిపోయాను కాబట్టి ఇక్కడ రాసేస్తున్నాను.

ముందు ఆ పది పౌండ్ల విలువ ఎంతో చూద్దాం. మార్జిన్ పన్నులు కోయకముందే పోయే సొమ్ము. అది మన దగ్గరే మిగిలినా, అందులోంచి యజమాని వాటా నేషనల్ ఇన్సూరెన్స్ (జీతం మీద కట్టే సామాజిక బీమా; అంబ్రెల్లాలో యజమాని వాటా కూడా మన కాంట్రాక్టు సొమ్ములోంచే కోస్తారు), ఆ తర్వాత మన 40 శాతం ఆదాయ పన్ను, 2 శాతం నేషనల్ ఇన్సూరెన్స్ పోతాయి. చివరికి చేతికి వచ్చేది అయిదు పౌండ్లు. ఏడాదిలో 46 వారాలు పనిచేస్తే 230. కాదనను, అది డబ్బే. కానీ కంపెనీ ఎంచుకోవడానికి అదొక్కటే కొలబద్ద అనుకుంటే పప్పులో కాలేసినట్టే.

రోజుకు 400 పౌండ్ల చొప్పున వారానికి 2,000 వచ్చే ఐఆర్ 35 లోపలి కాంట్రాక్టు, అంటే పన్ను లెక్కలో ఉద్యోగంగా చూసే పని, తీసుకోండి. మార్జిన్ 20 అనుకుందాం. యజమాని వాటా నేషనల్ ఇన్సూరెన్స్‌కు సుమారు 245, అప్రెంటిస్‌షిప్ లెవీ అనే మరో పన్నుకు 9 దాకా పోతాయి. వర్క్‌ప్లేస్ పెన్షన్ పక్కన పెడితే మన స్థూల జీతం 1,727 దగ్గర తేలుతుంది. 2025 ఏప్రిల్‌లో యజమాని వాటా 13.8 శాతం నుంచి 15కు పెరిగింది. ఏడాదికి 9,100 పౌండ్లు దాటాక మొదలయ్యే ఆ కోత 5,000 నుంచే మొదలైంది. ఆ ఒక్క మార్పుతోనే ఈ కాంట్రాక్టులో స్థూల జీతం వారానికి 27 పౌండ్లు తగ్గింది. అప్పుడు నోరు మెదపని వాళ్ళు మార్జిన్ రెండు పౌండ్లు పెరిగితే మాత్రం వాట్సాప్ గ్రూపుల్లో గగ్గోలు పెడతారు!

ఈ కోతలు ఏ కంపెనీలో అయినా ఒకటే. మరి తేడా ఎక్కడ వస్తుంది? నా లెక్కలో రెండు చోట్ల.

మొదటిది సెలవుల సొమ్ము. పై 1,727లో 186 పౌండ్ల దాకా సెలవుల కింద లెక్క. కొన్ని కంపెనీలు దాన్ని ప్రతి వారం జీతంతోపాటే ఇచ్చేస్తాయి. కొన్ని తమ దగ్గర కూడబెట్టి, మనం సెలవు పెట్టినప్పుడు ఇస్తాయి. రెండో పద్ధతిలో తప్పేమీ లేదు, సంక్రాంతికి ఊరు వెళ్ళేటప్పుడు చేతిలో సొమ్ము ఉంటుంది. కానీ సెలవుల సంవత్సరం ఎప్పుడు ముగుస్తుందో కాంట్రాక్టులో ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది. నా పాత కంపెనీలో ఆ గడువు నేను చూసుకోలేదు. వాళ్ళూ గుర్తు చేయలేదు. రెండు రోజుల సెలవు సొమ్ము, పన్నుకు ముందు 600 పౌండ్ల పైచిలుకు, గంగలో కలిసింది. నెలల తరబడి మార్జిన్‌లో ఆదా చేశానని మురిసిపోయింది ఇక్కడ ఒక్క దెబ్బకు పోయింది.

రెండోది, నన్ను నిజంగా కదిలించింది, పెన్షన్. శాలరీ సాక్రిఫైస్ పద్ధతిలో, అంటే జీతం లెక్క కట్టకముందే, నెలకు 1,000 పౌండ్లు నా సిప్‌లోకి పంపుతున్నాను. (మన ఊళ్ళో మ్యూచువల్ ఫండ్ సిప్ కాదు, ఇక్కడ మనమే నడుపుకునే పెన్షన్ ఖాతా.) ఆ వెయ్యి మీద యజమాని కట్టాల్సిన 150 పౌండ్ల నేషనల్ ఇన్సూరెన్స్ కట్టనక్కర్లేదు. నా వంతు 20 పౌండ్లు కూడా మిగులుతుంది. ఆ 150 ఎవరికి దక్కుతుందనేదే అసలు ప్రశ్న. ఆ వాటా కోసింది నా కాంట్రాక్టు సొమ్ములోంచే కదా, మిగిలితే నాకే రావాలి. కొత్త కంపెనీ ఆ మొత్తాన్ని పెన్షన్‌లోనే వేస్తోంది. కొన్ని కంపెనీలు అందులో కొంత తామే ఉంచుకుంటాయి, ఆ సంగతి మార్జిన్ పక్కన రాయవు. పాత కంపెనీ అయితే తన పథకం తప్ప బయటి సిప్ ఒప్పుకోనే లేదు, శాలరీ సాక్రిఫైస్ మాట ఎత్తితే రెండు వారాలకు గానీ జవాబు ఈమెయిల్ వచ్చేది కాదు. చేతికి అందే లెక్కలో నెలకు 22 పౌండ్ల చిల్లర మిగుల్చుకోవడానికి 170 వదులుకుంటూ రెండేళ్ళు గడిపాను. పెన్షన్‌లో ఏమీ వేయని కుర్రవాళ్ళకు ఈ లెక్క వర్తించదు. వాళ్ళు 15 పౌండ్ల కంపెనీలోనే ఉండి, సెలవుల సొమ్ము వారం వారం ఇమ్మని అడిగితే చాలు.

ఏజెన్సీ నేరుగా జీతం ఇస్తానంటే? మార్జిన్ లేదు, మధ్యలో మరో కంపెనీ లేదు, నాకు అభ్యంతరం లేదు. కానీ రేట్లు పోల్చేటప్పుడు జాగ్రత్త. యజమాని వాటా పన్ను ఏజెన్సీయే కట్టుకుంటుంది కాబట్టి వాళ్ళు చెప్పే రేటు తక్కువగా కనిపిస్తుంది. అంబ్రెల్లాలో 400 అంటే, నేరు జీతంలో సెలవులతో కలిపి రోజుకు 345 దగ్గర సమానం. 360 ఇస్తామంటే కళ్ళు మూసుకుని ఒప్పుకోవచ్చు. సెలవులు వేరుగా ఇస్తామంటే 308 దగ్గరే సమానం అవుతుంది. పెన్షన్ విషయంలో మాత్రం అక్కడా అవే ప్రశ్నలు అడగండి.

సొంత లిమిటెడ్ కంపెనీ ఐఆర్ 35 బయటి పనులకు. లోపలి పనికి అది శుద్ధ దండగ. స్కిల్డ్ వర్కర్ వీసా వారికి ప్రధాన ఉద్యోగం స్పాన్సర్ దగ్గరే కాబట్టి ఈ చర్చ వారిది కాదు, డిపెండెంట్ వీసా, శాశ్వత నివాసం ఉన్నవారిది.

ఇక "చేతికి 85 శాతం" అని లింక్డ్‌ఇన్‌లో పలకరించేవారు. రోజుకు 400 పౌండ్ల పనికి చట్టప్రకారం అంత రాదు. అప్పు పేరుతోనో, మరో దేశపు ట్రస్టు పేరుతోనో సగం సొమ్ము పన్ను లేకుండా ఇచ్చే పథకాలవి. 2019లో అలాంటి అప్పుల మీద పడిన లోన్ ఛార్జ్ అనే పన్నుతో ఇళ్ళు అమ్ముకునే పరిస్థితికి వచ్చినవారున్నారు. 2026 ఏప్రిల్ 6 నుంచి అంబ్రెల్లా కట్టని పన్నుకు ఏజెన్సీ కూడా బాధ్యత వహించాలి కాబట్టి ఏజెన్సీలే తాము ఒప్పుకునే అంబ్రెల్లాల జాబితాలను కుదిస్తున్నాయి. జాబితాలో మూడే పేర్లు ఉన్నా పరవాలేదు, ఏజెన్సీ ఇచ్చే కీ ఇన్ఫర్మేషన్ డాక్యుమెంట్‌లో నమూనా పే స్లిప్పు లెక్క చూసి, ఒక్కో కంపెనీకి రెండు ప్రశ్నలు ఈమెయిల్‌లో పంపండి: సెలవుల సొమ్ము ఎప్పుడు ఇస్తారు, గడువు ఏమిటి? శాలరీ సాక్రిఫైస్‌లో మిగిలే యజమాని వాటా పూర్తిగా నా పెన్షన్‌కు వస్తుందా? ఫోనులో చెప్పిన జవాబు లెక్కలోకి తీసుకోకండి.

ఒక సంగతి మిగిలింది. 2029 ఏప్రిల్ నుంచి శాలరీ సాక్రిఫైస్‌లో ఏడాదికి 2,000 పౌండ్లు దాటిన మొత్తం మీద నేషనల్ ఇన్సూరెన్స్ పడుతుంది. నాది ఏడాదికి 12,000. అప్పటికీ కాంట్రాక్టులోనే ఉంటే, ఈ 25 పౌండ్ల కంపెనీని వదిలి మళ్ళీ 15 పౌండ్లదాన్ని వెతుక్కుంటానేమో.